గోడ అవతలి దగ్గు

ఆ దినాలల్ల నాకు దేనికీ భయం లేదని చెప్పుకుంట తిరిగేటోణ్ణి. ముప్పై ఏండ్లు ఇంక నిండలే. చార్మినార్ దగ్గర ముత్యాల దుకాణంల నౌకరి, పెండ్లాం, నాలుగేండ్ల బిడ్డ, ఛత్రినాకల మా తాత కట్టించిన పాత ఇల్లు. మనిషికి ఇంకేం కావాలె? పొద్దంత కౌంటర్ వెనక నిలవడి "అసలీ మోతీ హై అమ్మీ, పంటి మీద రాసి చూడుండ్రి" అని చెప్పి చెప్పి, లోకంల ఏది అసలుదో ఏది నకిలీదో నాకంటె బాగ తెల్సినోడు లేడని నాకొక నమ్మకం కుదిరింది. దయ్యాలు, దిష్టి, మంచిదినం, చెడ్డదినం అన్నీ నా లెక్కల నకిలీ మాలే. (మా అమ్మ దేవుని అర్ర ముంగట నేను ఈ మాట అననందుకు ఆ దేవునికి ఇప్పటికీ దండం పెడ్త.)

మా ఇంట్ల స్నానాల గది వాకిట్ల ఒక మూలకుండేది. చలికాలం వొచ్చిందంటే వేడినీళ్ళ బకెటు వట్టుకొని వాకిలి దాటేలోపల్నే నీళ్ళు సల్లవడేవి. మా చిన్నది స్నానం చేసి ఒణుక్కుంట లోపలికొచ్చుడు, సర్ది, దగ్గు, మళ్ళ డాక్టరు, ప్రతి యేడు గిదే కథ. మా ఆమె బస్తీ పిల్లలకు ట్యూషన్ చెప్పేది. గా పిల్లల ముంగట్నే ఒక దినం నాతోని, "ఏమండి, గీ యేడన్న ఇంట్లకెల్లి కాలు బయటవెట్టకుంట స్నానం చేసే యోగముందా, లేకపోతె మా అమ్మోళ్ళింటికి పోయి చేసి రావాల్నా?" అన్నది. పిల్లలు కిసకిస నవ్విన్రు. ఇంక మగతనం నిలవెట్టుకోవాలె గద. పక్క అర్ర పాత కప్పు ఇప్పి స్లాబు ఏసి, దాని పక్కకే బాత్రూం కట్టిద్దమని అదే దినం తీర్మానం చేసిన.

మా అమ్మ అడ్డం వొచ్చింది. "ఒద్దురా కొడకా. శూన్యమాసంల ఇల్లు ముట్టొద్దు. ఇంటికి దెబ్బ తగిల్తె ఇంట్లోళ్ళకు తగిల్నట్టే."

"అమ్మా, మంచి మేస్త్రి దొరుకుడే కష్టం. ఈ నెలనైతే ఖాళీగున్నడు."

"ఎందుకు ఖాళీగున్నడో సోంచాయించినవా?" అన్నది అమ్మ.

సోంచాయించలే. ఆ మేస్త్రి మంచోడే గని, ఎన్ని దినాలు పడ్తదని ఏ పని గురించి అడిగినా "బస్, ఒక్క దినం అన్నా" అనేటోడు. కప్పు దించుడు ఒక్క దినం. గోడలు గీకుడు ఒక్క దినం. గందుకే మా ఇంట్ల ఆయన పేరు ఒక్కదినం మేస్త్రి. ఆయన వొచ్చి ఆ అర్ర కప్పు, దాంతోని నడిమి అర్ర కప్పు సగం ఇప్పిండు, నడిమి అర్రల చెమ్మ పట్టిన పాత సున్నం గీకి పారేసిండు, తెరుచుకున్న జాగల మీద నీలిరంగు పట్టాలు కట్టిండు. ఇంట్ల సామానంత ముందర్రల కుప్ప వడ్డది, మేమంత నడిమి అర్రల వడ్డం. ఆ నీలి పట్టాల కింద పట్టపగలు గూడ ఇంట్ల ఒక వింత వెలుగుండేది. ఒకరి ముఖం ఒకరం చూసుకుంటె నీళ్ళల్ల మునిగినోళ్ళ ముఖాల లెక్క కనవడేవి. గాలి వొచ్చినప్పుడల్ల పట్ట పైకి లేసి, మళ్ళ మెల్లగ కిందికి దిగేది. ఇల్లు మొత్తం ఊపిరి తీసుకుంటున్నట్టు, ఇడుస్తున్నట్టు ఉండేది. దాని కింద సున్నం దుమ్ము తెల్లగ కొట్టుకపోయిన గిన్నెలు, దుప్పట్లు, మేము.

ఇంటికి తగిలిన దెబ్బ ముందుగాల నాకే తగిలింది. మేస్త్రి కర్రలు కట్టి దూలం దించుతుంటే కింద నిలవడి చూసుడు నాతోని కాలే. "గట్ల కాదు భాయ్, ఇటు దిక్కు వట్టుకోవాలె" అనుకుంట నిచ్చెనెక్కిన. దూలం దించుడు గురించి ముత్యాల దుకాణంల ఏం నేర్చుకున్నవని ఎవ్వరూ అడగలే. నిచ్చెన జారింది. నేను కింద వడ్డ. దూలం మాత్రం మేస్త్రి అనుకున్నట్టే సక్కగ దిగింది. ఎముకల డాక్టరు తొడ దాక పిండికట్టు ఏసి, నొప్పికి గోలీలిచ్చి, "గివి ఏసుకుంటె జర మత్తుగ ఉంటది" అని చెప్పి పంపిండు. ఇంటికి తెచ్చి మంచంల ఏసినంక మేస్త్రి దగ్గరికొచ్చి నా కాలు అటు చూసి ఇటు చూసి, అరచేత్తోని తట్టి, "అన్నా, ప్లాస్టరైతే మస్తు సాపుగ కొట్టిన్రు" అన్నడు. ఆ మాటల కుళ్ళు లేదు. పనోని పని పనోడు మెచ్చుకున్నడు, గంతే.

నా తర్వాత చిన్నది. చలిజ్వరం, దగ్గు. దాని తర్వాత మా ఆమె. దుమ్ముకు, చలికి ఆమె గొంతు పూర్తిగ వడిపోయింది. గొంతుల గాలి తప్ప సప్పుడు లేదు. ట్యూషన్ బందయింది. మమ్ములను పిలవాల్నంటె చప్పట్లు కొట్టేది. నాకొక చప్పట, బిడ్డకు రెండు, నాకు కోపంగ చెప్పాల్నంటె గట్టిగ ఒకటి. నేను పొద్దంత కాలు నొప్పికి మూలుగుకుంట పండేటోణ్ణి. ఇంట్ల సాపుగ నడిచేది, సాపుగ మాట్లాడేది మా అమ్మ ఒక్కతే. ఆమె కూడ ఎక్కువ మాట్లాడేది కాదు. బాపు పోయిన కాడికెల్లి ఆమె మాటలు తగ్గినయి. మేము గది వయసు అనుకున్నం.

నా మంచం నడిమి అర్రల వెనక గోడకు ఆనిచ్చి ఏసిన్రు. గోడంటె ఇప్పటి గోడ కాదు, రెండు మూరల మందం. అయితే నా తల దగ్గర ఒక పాత గూడుండేది, దీపం పెట్టేటందుకు. ఆ గూట్లె మాత్రం గోడ పల్చన. మేస్త్రి దాని లోపలి సున్నం గూడ గీకి ఇటుకలు తేలవెట్టిండు. గోడకు అవతల వెనక గల్లీ వాళ్ళ ఇల్లు. ఆ ఇంటోళ్ళు ఎప్పుడో పురానాపూల్ దిక్కు పోయిన్రు. దర్వాజకు తాళం వడి తుప్పు గూడ వట్టింది.

ఒక మధ్యాన్నం మా ఆమె మందుల దుకాణానికి పోయింది, అమ్మ కూరగాయలకు పోయింది, మేస్త్రి బువ్వకు పోయిండు. నేను, చిన్నది ఇద్దరమే ఉన్నం. అది నా పక్కన పండుకొని దగ్గింది, ఖళ్ ఖళ్ అని. గూట్లెకెల్లి ఇంకో దగ్గు ఇనవడ్డది.

చిన్నదాని దగ్గు లెక్క లేదు. ముసలి దగ్గు, లోతు బాయిలకెల్లి పైకొచ్చినట్టు, ఆగి ఆగి. ఖళ్ళ్... ఖళ్ళ్.

నేను బిడ్డ దిక్కు చూసిన. అది నవ్వుతున్నది. "తాత" అన్నది.

"ఏ తాత?"

"గోడ తాత. నేను దగ్గితే ఆయన దగ్గుతడు డాడీ. చూస్తవా?" అని మళ్ళ దగ్గింది, కావాల్నని. గోడ మళ్ళ దగ్గింది.

నా పానం ఎక్కడ పోయిందో నాకు తెల్వది. దయ్యాన్ని చూసినోడు ఉరుకుతడని అందరంటరు గని, ఉరుకుటానికి రెండు కాళ్ళుండాలె గద. నా ఒక కాలు మంచం కంటె బరువుగున్నది. దుప్పటి ముఖం మీదికి గుంజుకొని సప్పుడు చెయ్యకుంట పండుకున్న. సప్పుడు చెయ్యొద్దనుకున్నప్పుడే మనిషికి దగ్గొస్తది. ఆ దుప్పటి నిండ సున్నం దుమ్మేనాయె. ఎంత ఆపుకున్నా ఆగలే, దగ్గిన. గోడ ఒక్క చెణం ఆగి, కొత్త మనిషి వొచ్చిండని గుర్తువట్టినట్టు, నాక్కూడ జవాబిచ్చింది.

మా ఆమె ఇంటికొచ్చినంక అంత చెప్పిన. ఆమె నా నెత్తి మీద చెయ్యివెట్టి చూసింది, నొప్పి గోలీల డబ్బీ దిక్కు వేలు చూపెట్టింది, గట్టిగ ఒక చప్పట కొట్టింది. అమ్మనేమో, "గా ఇల్లు తాళం వడి మస్తు ఏండ్లయింది. ఎలుకలై ఉంటయి" అన్నది.

"అమ్మా, ఎలుకలు దగ్గయి."

"గీ చలికి ఏవైనా దగ్గుతయి" అని వంటింట్లకు పోయింది.

మరునాడు మేస్త్రి గూడు పక్కన గీకుతుంటె చిన్నది దగ్గింది, గోడ దగ్గింది. దగ్గి, అది చాలదన్నట్టు, గొంతు సవరించుకొని "హ్మ్మ్" అని పెద్ద నిట్టూర్పు ఇడిసింది. మేస్త్రి చేతిలకెల్లి తాపీ జారింది. గోడ దిక్కు చూసిండు, పైన లేస్తున్న పట్ట దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. "అన్నా, ఒక్క దినం ఊరికి పోయొస్త" అన్నడు. గడ్డపార, తట్టలు, గమేళాలు అన్నీ ఉన్నకాడనే ఇడిసివెట్టి పోయిండు. ఆ ఒక్క దినం ఎంతకూ ఒడవలే. ఫోన్ చేస్తె, "ఇంక జర ఊర్లనే ఉన్న అన్నా" అనేటోడు, వెనకకెల్లి ఆటోల హారన్లు ఇనవడేవి.

ఇంక మా ఇల్లెట్లుండెనో అడగొద్దు. సగం కప్పు లేదు, మేస్త్రి లేడు, ఒకరికి కాలు లేదు, ఒకరికి గొంతు లేదు, గోడకు మాత్రం దగ్గున్నది. గప్పుడే ఇంకోటి మొదలయింది. చిన్నదానికి జ్వరం దిగింది గని, కూసొని ఆడుకుంట ఒక రాగం తీస్తుండె. మాటలు లేవు, ఉత్త రాగం. ఇప్పటి పాట కాదు, దాని వయసు పిల్లలు ఇనే పాట అసలే కాదు. వంకలు తిరుగుకుంట పోయి, ఒకకాడ ఆగి, మళ్ళ మొదటికొచ్చేది.

"ఎవరు నేర్పిన్రు బిడ్డా?" అన్న.

"తాత. నువ్వు పండుకున్నప్పుడు చెప్తడు."

అమ్మ అప్పుడు చిక్కుడుకాయలు గిల్లుతున్నది. ఆమె చెయ్యి ఆగింది. "మళ్ళొక్కసారి పాడు" అన్నది. అది పాడింది. అమ్మ ముఖం ఆ నీలి వెలుగుల ఇంకింత పాలిపోయింది. "గిది నా పెండ్లి బరాత్‌ల బ్యాండోళ్ళు వాయించిన పాట" అన్నది మెల్లగ. "నన్ను ఈ ఇంటికి తోలుకొస్తున్నప్పుడు గల్లీ మొగకాడ ఆపి వాయించిన్రు. మీ బాపే ఆపిచ్చిండు."

పట్ట పైకి లేసి దిగింది. బాపు పోయి అప్పటికి కొన్నేండ్లయింది. పోయేనాటికి బీడీలు తాగి తాగి ఆయన దగ్గు సుత అచ్చం గట్లనే ఉండేదని నాకప్పుడే యాదికొచ్చింది. మా ఆమె దిక్కు చూసిన. ఆమె నోరు తెరిచింది. ఏమన్నదో ఇనవడలే. సప్పుడు లేకుంట కదిలే నోరు, సున్నం దుమ్ముతోని తెల్లగైన ఎంటికలు. నన్నడిగితె ఆ చెణంల గోడ కంటె ఆమెనే ఎక్కువ భయపెట్టింది.

నేను అమ్మ ఏడుస్తదనుకున్న, మంత్రగాన్ని పిలుస్తదనుకున్న. అమ్మ లేసి పోయి చాయ పెట్టుకొచ్చింది. ఒక గిలాస నాకిచ్చింది, ఒకటి గూట్లె పెట్టింది, పీట గుంజుకొని గోడ ముంగట కూసున్నది. కూసొని తిట్టుడు షురూ చేసింది.

"ఏమయ్యా, బతికినన్నాళ్ళు బీడీ బందువెట్టు బందువెట్టు అని మొత్తుకుంటె ఇనకపోతివి. సచ్చినంక గూడ దగ్గుడేనా? అక్కడ గూడ బీడీలు దొర్కుతున్నయా నీకు? ఇంకొక్కటి ముట్టుకున్నవో, మల్ల చూస్కో మరి!"

గోడ దగ్గలే. గుడ్లు మిటకరించుకొని చూస్తున్నట్టు నిశ్శబ్దంగ ఉన్నది.

ఆ దినం కాడికెల్లి మధ్యాన్నం పనంత ఒడిసినంక అమ్మకు అదే పని. కూరగాయలు ముందటేసుకొని గోడతోని ముచ్చట. బస్తీల ఎవరి పెండ్లయింది, ఎవరు ఇల్లమ్ముకున్నరు, బోనాలకు ఈ యేడు ఎంత మంది చుట్టాలొచ్చిన్రు, నల్లా నీళ్ళు ఏ యాళ్ళకొస్తున్నయి. ఎన్నో ఏండ్ల మాటలు దాచిపెట్టుకున్నట్టు చెప్పేది. నడుమ నడుమ నా సంగతి. "నీ కొడుకు కాలిరగ్గొట్టుకున్నడు. శూన్యమాసంల ఇల్లు ముట్టొద్దంటె ఇంటడా? అంత నీ బుద్ధే." నేను పక్కనే, చెయ్యి చాపితె అందేటంత దూరంల, పిండికట్టుతోని పండుకొని ఉన్న. నాకు దయ్యం భయం కంటె, బాపు దగ్గర నా మీద చాడీలు జమ అయితున్నయనే ఫికరే ఎక్కువైంది. ఆమె మాట్లాడినంత సేపు నేను దుప్పటి తియ్యకపోయేది. ఆమె ఒడగొట్టి లేసినంక, గోడ మర్యాదగ ఒకటి రెండుసార్లు దగ్గేది, ఇన్న అన్నట్టు. కొన్ని దినాలకు ఆ దగ్గు గూడ జర తగ్గింది. "చూసినవా, బందువెట్టిండు" అన్నది అమ్మ, గెలిచిన ముఖంతోని.

గప్పుడు ఒక దినం పొగమంచు పొద్దెక్కినా ఇడవలే. మధ్యాన్నం అయినా ఇంట్ల తెల్లారనట్టే ఉన్నది. అమ్మ కూసొని ముచ్చట చెప్పింది. ఒడగొట్టి లేసింది. గోడ దగ్గలే.

చిన్నది పోయి గూట్లె చెవి పెట్టింది. ఖళ్ ఖళ్ అని దగ్గింది. ఏం లేదు. ఇంకోసారి దగ్గింది. "తాత దగ్గుతలేడు డాడీ" అన్నది.

ఇన్ని దినాలు ఎప్పుడు ఆగుతదా అని ఎదురుచూసినోణ్ణి, ఆగితె సంబురపడాలె గద. నేనే దుప్పటి పక్కకు తోసి గోడ దిక్కు చూసిన. అమ్మ గోడ మీద అరచెయ్యి పెట్టి నిలవడ్డది. అవతల ఏదో కొట్టుకున్న సప్పుడైంది. ఒక గిలాస కింద వడి దొర్లుకుంట పోయినట్టు. గోరుతోని గోడ గీకినట్టు. ఆ తర్వాత, చెవి పెట్టినోళ్ళకు మాత్రమే ఇనవడేటంత సన్నగ, ఒక మాట.

"నీళ్ళు అంటున్నడు" అన్నది చిన్నది.

సచ్చినోళ్ళు నీళ్ళకు తిరుగుతరని చిన్నప్పుడు ఇన్న మాటలన్నీ ఒక్కపారె యాదికొచ్చినయి. "అమ్మా, ఇటు రా. చిన్నదాన్ని ఇటు తీసుకో" అని మొత్తుకున్న. అమ్మ కదల్లే. మా ఆమె మాత్రం వంటింట్లకెల్లి వొచ్చి గూట్లె చెవి పెట్టింది. ఇన్నది. తిరిగి నా దిక్కు చూసి నోరు కదిలిచ్చింది. ఆ ఒక్క మాట నాకు సప్పుడు లేకున్నా తెల్సింది. "మనిషి."

తెల్సేలోపల్నే ఆమె మేస్త్రి ఇడిసిపోయిన గడ్డపార అందుకున్నది. "ఆగు, ముందుగాల పక్కింటోళ్ళను పిలుద్దం" అన్న. ఆమె ఆగలే. గూట్లె ఒక్క పోటు పొడిచింది. పాత సున్నం జలజల రాలింది. నేను మంచం మీదికెల్లి దిగి, పిర్రల మీద జరుగుకుంట, పిండికట్టు ఈడ్చుకుంట గోడ దాక పోయిన. ఎట్ల పోయిన్నో ఇప్పటికీ తెల్వది. ఆమె పొడుస్తుంటె నేను ఊడిన ఇటుకలు చేతులతోని గుంజిన. అమ్మ బిడ్డను ఎత్తుకొని నిలవడ్డది. దుమ్ము లేసి ఒకరికొకరం కనవడలే. నాలుగో అయిదో ఇటుకలు పోయినంక అవతల చీకటి కనవడ్డది. ఆ చీకట్లకెల్లి ముక్కిన గాలి, కర్పూరం వాసన, మందు వాసన.

మా ఆమె ఆ బొక్కల తలవెట్టి చూసింది. ముఖమంత తెల్లటి సున్నం, ఇడిసిన ఎంటికలు, ఎర్రటి కండ్లు. అవతల నేల మీదికెల్లి ఒక ముసలి గొంతు, ఒణుక్కుంట అన్నది:

"ఒచ్చినవా... వొస్తున్న పా. బీడీ ముట్టలే. నీ మీద ఒట్టు, ఒక్కటి గూడ ముట్టలే."

మా ఆమె కేక వెట్టింది. ఇన్ని దినాలు వడిపోయిన గొంతు, ఉన్న జోరంత కూడవెట్టుకొని ఒక్కపారె బయటికొచ్చింది. ఆ కేక ఇని వెనక గల్లీ, ముందు గల్లీ రెండూ ఉరికొచ్చినయి. దుకాణాలోళ్ళు, ఆటో భాయ్‌లు, సగం గడ్డం గీకిచ్చుకున్న ఒకాయన గూడ. అమ్మ బిడ్డను నా ఒళ్ళె కూసోవెట్టి, చెంబుల నీళ్ళు తెచ్చి బొక్కలకెల్లి చెయ్యి చాపింది. అవతలికెల్లి ఎముకల చెయ్యి ఒకటొచ్చి ఆ చెంబును వట్టుకున్నది. చెంబు ఖాళీ అయినా ఇడవలే.

వెనక గల్లీల ఆ ఇంటి ముందు దర్వాజకు తాళం అట్లనే ఉన్నది. పక్కన సందుల చిన్న తలుపొకటి దగ్గరికేసి ఉన్నదట. అండ్లకెల్లి పోయి పెద్దాయనను ఎత్తుకొచ్చిన్రు. ఒళ్ళు కాలిపోతున్నది, మంచం మీదికెల్లి లేవబోయి వడ్డడు. ఆటోల ఏసుకొని దవాఖానకు తోలుకపోయిన్రు. ఊపిరితిత్తులకు జలుబు వట్టిందని, ఇంక జర ఆలస్యమైతె చేతులల్ల లేకపోయేదని డాక్టరన్నడట. నేను మాత్రం అప్పటిదాక గోడ దగ్గర్నే కూసొని ఉన్న. నన్ను మళ్ళ మంచమెక్కియ్యాల్నని ఎవ్వరికీ యాదిలేదు.

సంగతి ఆ తర్వాత తెల్సింది. ఆయన ఆ ఇంటి పెద్దాయనే. బ్యాండు మేళంల క్లారినెట్ వాయించేటోడు. ఒకప్పుడు మా బస్తీల ఏ బరాత్ పోయినా ముంగట ఆయనే. మా అమ్మ పెండ్లికి గల్లీ మొగకాడ నిలవడి వాయించింది గూడ ఆయనే. ఆ ఇంటోళ్ళు పోయినంక పెద్దాయన సచ్చిపోయిండని ఎవరో అంటే మా అమ్మ నమ్మింది. పురానాపూల్‌ల కొడుకు, కోడలు మంచిగనే చూసుకునేటోళ్ళు. అయితే డాక్టరు ఊదొద్దన్నడని కొడుకు క్లారినెట్‌ను బీరువల పెట్టి తాళమేసిండట. ఈయన తాళంచెవి దొంగతనం చేసి, వాయిద్యం సంకల పెట్టుకొని, దోస్తు ఊరికి పోతున్ననని చెప్పి, తన పాతింట్ల వొచ్చి దాక్కున్నడు, తిండికి చీకటి వడ్డంక సందు తలుపులకెల్లి పోయొచ్చేటోడట. బడి ఎగ్గొట్టిన పిల్లగాడు దాక్కున్నట్టు. కొడుకు అప్పటికే ఊర్లు పట్టుకొని వెతుకుతుండె. దవాఖానకు ఉరికొచ్చి, తండ్రి మంచం పక్కన నిలవడి, కోపం చేసుడా ఏడ్సుడా తెల్వక రెండూ చేసిండట.

ఎండలు షురూ అయినంక పెద్దాయన మా ఇంటికొచ్చిండు, కొడుకు చెయ్యి వట్టుకొని. అప్పటికి మేస్త్రి గూడ ఊరికెల్లి "వొచ్చిండు". పెద్దాయన కుర్చీల కూసొని, చాయ తాగుకుంట చెప్పిండు. "మీ ఇల్లు పాడువడ్డదనుకున్న బిడ్డా. కప్పు లేకపాయె, మనుషులు కనవడకపాయె. అయితె లోపల పొద్దంత ఎవరో మూలుగుడు. (ఆ ఎవరో నేనే.) ఎవరో మాట లేకుంట చప్పట్లు కొట్టుడు. గది ఇంటె నా పానం జల్లుమనేది. చిన్నపిల్ల దగ్గు ఒక్కటే జర ధైర్యం. అది దగ్గితె నేను దగ్గేది. ఎవ్వరికీ ఇనవడకుంట మెల్లగ ఊదితె అది మళ్ళ పాడేది. గంతల ఒక దినం మా ముసల్ది మాట్లాడుడు షురూ చేసింది."

"ముసల్ది అంటె?" అన్న.

"నా పెండ్లాం. పోయి ఎన్నో ఏండ్లాయె. గోడలకెల్లి తిట్టింది, బీడీ బందువెట్టుమని. అచ్చం అదే గొంతు, అదే తిట్టు. ఉన్న కట్టంత ఆ దినమే మోరీల పారేసిన." మా ఆమె దిక్కు చూసి, "మొన్న గోడలకెల్లి తెల్లగ తల కనవడ్డది, తోలుకపోతానికొచ్చింది అనుకున్న" అన్నడు. మేమంత కడుపు వట్టుకొని నవ్వినం. మేస్త్రి అందరి కంటె ఎక్కువ నవ్విండు, "నాకు అప్పుడే తెల్సు అన్నా" అని గూడ అన్నడు. పెద్దాయన మాత్రం మా అమ్మ దిక్కు తిరిగి, "నీ తిట్లకే బతికిన చెల్లె" అని దండం వెట్టిండు. అమ్మ చెంగు సదురుకొని, "మంచిగుండు అన్నా" అని లోపలికి పోయింది.

వాళ్ళు పోయినంక అమ్మ వెనక పోయిన, కుంటుకుంట. ఆమె ఏమన్న బాధపడుతుందేమోనని నాకొక అనుమానం. "అమ్మా, నువ్వు నిజంగనే బాపు అనుకున్నవా?"

"మొదటి దినం అనుకున్న" అన్నది బియ్యం ఏరుకుంట. "రెండో దినానికే తెల్సింది కాదని. మీ బాపు అయితె నేను గంత సేపు తిడ్తుంటె నడిమిట్ల ఎదురు మాట్లాడకుంట ఉంటడా?"

"మరి ఎవరనుకున్నవు?"

"ఎవరి పెనిమిటో, పాపం. తిట్టేటోళ్ళు లేక తిరుగుతున్నడు అనుకున్న."

"మరి దినాము గన్ని ముచ్చట్లెందుకు చెప్పినవు?"

అమ్మ చేట పక్కకు వెట్టి నా దిక్కు చూసింది. "నోరు మెదపకుంట ఇనే మగోడు దొరికితె ఎవరన్న ఇడుస్తరారా?" అన్నది.

నేను మస్తు నవ్విన. గోడకు ఆనుకొని, కాలు నొప్పి వెట్టేదాక నవ్విన. ఆ ముచ్చట దుకాణంల చెప్పి నవ్విచ్చిన, చుట్టాలల్ల చెప్పి నవ్విచ్చిన, ఇప్పటికీ చెప్త. అయితె చెప్పినప్పుడల్ల ఈ మధ్య ఒకకాడ ఆగుతున్న. మొదటి దినం అనుకున్ననని అన్నది గద. ఆ మొదటి దినం మధ్యాన్నం, ఎన్నో ఏండ్లకు పెనిమిటి వొచ్చిండని పీట గుంజుకొని కూసున్న మనిషి ముఖం ఎట్లుండెనో! చెయ్యి చాపితె అందేటంత దూరంల పండుకున్నోణ్ణి నేనొక్కణ్ణే. అసలుదేదో నకిలీదేదో అందరికీ చెప్పేటోణ్ణి. ఆ పోరణ్ణి యాది చేసుకుంటె నాకు నవ్వొస్తది, జాలి గూడ అయితది. వాడు ఆ మధ్యాన్నమంత, దయ్యానికి కనవడొద్దని, దుప్పటి ముఖం మీద కప్పుకొని పండుకున్నడు.